మెయిన్ గేటు నుంచే

ఈ ఉదయం సౌదీలోని యాన్బులో మా క్యాంపు వెనక ఎవరో ఖాళీ పెయింటు డబ్బా మీద దరువు వేశారు. మా వాళ్ళలో పదిమందికి ఇవాళ ఫైనల్ ఎగ్జిట్. ఇంటికెళ్ళే సంబరం అది. నాకు మాత్రం ఆ చప్పుడు వినగానే డంకన్ సార్ గుర్తొచ్చారు. చేతిలో చాయ్ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడిపోయాను.

ఆయనది స్కాట్లాండ్. రిఫైనరీ ట్యాంకుల చుట్టూ ఇనుప గొట్టాలతో మంచెలు కట్టే మా స్కాఫోల్డింగ్ బృందానికి సూపర్‌వైజరు. ఎండకు ముఖం పండు మిరపకాయలా ఉండేది. పాకిస్తానీల దగ్గర నేర్చుకున్న హిందీలో ఆడ మాటకూ మగ మాటకూ తేడా లేకుండా మాట్లాడేవారు. తప్పు దిద్దితే, "నీకు అర్థమైందిగా, ఇంకేం కావాలి?" అని కసురుకునేవారు. చాయ్ తాగే వేళ మాతోపాటే ట్యాంకు నీడలో కూర్చుని, తన పూర్వీకుడు అలిస్టర్ అనే సిపాయి కథ చెప్పేవారు. ఆయన హిందీని నేను మావాళ్ళకు మన తెలుగులో చెప్పేవాణ్ణి.

నాలుగు వందల ఏళ్ళ కిందటి మాట. ఇంట్లో తిండి చాలక అలిస్టర్ సముద్రం దాటి, స్వీడన్ రాజు దగ్గర జీతానికి కుదిరి, జర్మనీ నేల మీద ఎవరి యుద్ధమో చేశాడు. ఇంతలో సొంత దేశంలోనే రాజుకూ ప్రజలకూ మతం దగ్గర చెడి యుద్ధం మొదలైంది. తిరిగొచ్చి మొదట రాజు మీద కత్తి పట్టాడు. కొన్నేళ్ళకు తనవాళ్ళ తీరు నచ్చక రాజు పక్షానికే వెళ్ళాడు.

"గట్లంటే కఫీల్‌ను మార్చిండన్నట్టు," అన్నాడు గంగన్న. మా వీసాలు చేతిలో పెట్టుకునే యజమానే కఫీల్. "గప్పుడు గంత అల్కగ ఇడిసిపెట్టిండ్రా సార్?"

ఆ మాట నేను హిందీలో చెప్పగానే సార్ నెత్తిమీది హెల్మెట్ జారేలా నవ్వారు.

"ఎన్ని యుద్ధాలు గెలిచాడు సార్?" అని నేనడిగాను.

"పెద్దవి ఒక్కటీ గెలవలేదు," అన్నారు గర్వంగా. "అయినా మా ఇంట్లో అందరికీ ఆయన పేరు తెలుసు. ఎందుకో తెలుసా? చివరికి ఒక కోటలో చిక్కుకున్నాడు. గుర్రాలను కూడా కోసుకు తిన్నారు. లొంగిపోక తప్పలేదు. నువ్వు వెళ్ళిపో, నీ సిపాయిలను మాత్రం చేతులు కట్టి తీసుకుపోతాం అన్నారు అవతలివాళ్ళు. ఆయన ఒప్పుకోలేదు. నా మనుషులు జెండా ఎత్తి, డోలు కొట్టుకుంటూ పెద్ద తలుపులోంచి నడుస్తారు, అలాగైతేనే కోట మీకిస్తాను అన్నాడు. అలాగే నడిచారు."

ఆ కథ అంతటితో అయిపోయిందనుకున్నాం. కొన్ని నెలలకు మా కాంట్రాక్టు ముగిసింది. సరిగ్గా అప్పుడే పక్క యూనిట్లో రాగి కేబుల్ పోయింది. ఎవరు తీశారో తెలియదు. మా మీద నేరుగా ఎవరూ ఏమీ అనలేదు గానీ, ఆఖరి రోజు మా సంచులు వెతికి, తుక్కు లారీలు వెళ్ళే వెనక గేటు నుంచి బస్సెక్కించమని ఆర్డరు వచ్చింది. ఆ గేటు దాటితే మా మీద దొంగలన్న ముద్ర పడ్డట్టే. మళ్ళీ యాన్బులో ఎవరూ పని ఇవ్వరు.

"అయిదేండ్లు ఎండల మాడింది గిందుకేనా రాజేశం?" అన్నాడు గంగన్న. "నా బిడ్డకు నేను మొకమెట్ల సూపియ్యాలె?"

సార్ నన్ను వెంటబెట్టుకుని మేనేజరు గదికి నడిచారు. గేటు పాసు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టారు.

"రుజువుంటే ఇప్పుడే పోలీసులను పిలవండి. లేదంటే మెయిన్ గేటు తెరిపించండి. వీళ్ళు వెనక గేటు నుంచి వెళ్తే నేనూ అటే వెళ్తాను. మళ్ళీ రాను."

మేనేజరు ఆ పాసు వైపూ సార్ వైపూ చూశాడు. రిఫైనరీ ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనులు నెత్తిమీదున్నాయి, సార్ లేకుండా అవి సాగవు. ఫోన్ తీసి, బస్సును ముందు గేటుకు రమ్మన్నాడు.

అందరం హెల్మెట్లు పెట్టుకుని వరసలో నిలబడ్డాం. సార్ పెయింటు షెడ్డులోంచి ఒక ఖాళీ డబ్బా తెచ్చి గంగన్న చేతిలో పెట్టారు. గంగన్న ఊళ్ళో డప్పు కొట్టే మనిషి. ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత కళ్ళు తుడుచుకుని దరువు అందుకున్నాడు. రిఫైనరీలో పనిచేసేవాళ్ళంతా ఆగి చూస్తుండగా సార్ ముందు, మేం వెనక, నడిరోడ్డు మీద నడిచాం. గేటు దగ్గరి సౌదీ గార్డు అడ్డుకడ్డీ ఎత్తి, చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. నా జీవితంలో అంత తలెత్తుకుని నడిచిన రోజు మరొకటి లేదు.

ఆ ఏడాదే మాలో చాలామందికి మళ్ళీ యాన్బు వీసాలు వచ్చాయి. డంకన్ సార్ రిటైరై వెళ్ళి, పోయిన చలికాలంలో కన్నుమూశారు. ఇప్పుడు నేను ఫోర్‌మన్‌ని.

చాయ్ పారబోసి బయటికొస్తే క్యాంపు బాస్ ఎదురయ్యాడు. "బస్సు వెనక గేటుకు పెట్టిస్తా భాయ్, దగ్గర పడుతుంది," అన్నాడు. పాపం, అతనిది మంచి మనసే.

"మెయిన్ గేటుకే పెట్టించు. మేం నడుస్తాం," అన్నాను.

ఇంటికెళ్ళే పదిమందినీ వరసలో నిలబెట్టి, హెల్మెట్ పెట్టుకుని ముందు నిలబడ్డాను. డబ్బా పట్టుకున్నవాడు నన్ను చూసి మొహమాటపడి ఆపేశాడు.

"కొట్టరా," అన్నాను. "గట్టిగ కొట్టు."