గుర్రం పెదవికి మత్తు సూది

ఉదయం ఏడింటికి సరిహద్దులోని ఆర్మీ పోస్టుకు చేరాం. పదకొండు వేల అడుగుల ఎత్తు, మోకాలి లోతు మంచు. సామాను మోసే కంచర గాడిదలు పన్నెండు, ఆఫీసరు గస్తీకి గోధుమరంగు గుర్రం ఒకటి. వాటి గాయాలకు కట్లు కట్టే డ్రెస్సర్లం ఇద్దరం. నేను రాజాంలో బడి మాస్టారి కొడుకుని. రెండోవాడు కళింగపట్నంలో చేపలు పట్టేవాళ్ల బిడ్డ.

గుర్రం తలకు మత్తివ్వడం నాకు కంఠతా వచ్చు. బుగ్గ ఎముక ముందు కొసకూ ముక్కు పక్క ఎముకలో ఉండే గంటుకూ నడుమ, కండరాన్ని బొటనవేలితో పైకి నెడితే ఎముకలో చిన్న కన్నం తగులుతుంది. నరం బయటికొచ్చేది అక్కడే. మందు ఎక్కించి పది నిమిషాలు ఆగితే పైపెదవి మొద్దుబారుతుంది. ఇంత తెలిసీ నాకా కన్నం దొరికేది కాదు. వాడు వల ముడి తడిమినట్టు తడిమి క్షణంలో పట్టేసేవాడు. మా పశువుల డాక్టర్ సాబ్ సూది వాడి చేతికే ఇచ్చేవారు. నాకు కడుపు మండిపోయేది.

జనవరిలో ఓ మధ్యాహ్నం ముళ్లకంచె తగిలి గుర్రం పైపెదవి చీలింది. డాక్టర్ సాబ్ కింద క్యాంపులో ఉన్నారు. వైర్‌లెస్‌లో ఒకటే ఆర్డరు: మత్తిచ్చి కుట్టండి. ఎవరివ్వాలో చెప్పలేదు. సూది నేను లాక్కున్నాను.

"సరే మావా, నువ్వే సెయ్యి. తాడు నేను పడతాను."

పడవ మీది అలవాటుతో తాడును కుడి బొటనవేలికి ఒక చుట్టు చుట్టుకున్నాడు. గుర్రం తాడు అలా చుట్టుకోకూడదని శిక్షణలో మొదటిరోజే చెబుతారు. చూశాను. కుళ్లుతో నోరు విప్పలేదు.

ఆ రోజు కన్నం దొరికింది. రెండూ పదికి మందు ఎక్కించాను. నాలుగు నిమిషాలకే కుట్టుసూది తీశాను.

"ఏటి మావా ఆ తొందర? ఇంకా తిమ్మిరెక్కనేదు. ముందు గుచ్చి సూడు."

"నాకు నువ్వు నేర్పుతావేటిరా?"

సూది దిగగానే గుర్రం తల విసిరింది. తాడు బిగిసి వాడి వేలు పటుక్కుమంది.

వాడు ఎడమచేత్తో గుర్రం మెడ నిమురుతూ, "పది నిమిసాలు కానీ మావా," అన్నాడు. రెండూ ఇరవైకి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి గుర్రం కదల్లేదు. ఆరు కుట్లు పడ్డాయి.

డాక్టర్ సాబ్ అడిగితే తప్పు తనదేనని చెప్పాడు. ఆ వేలు మళ్లీ వంగలేదు. ఆ తర్వాత సూదులన్నీ నావే.

రెండేళ్లకు దిగొచ్చాం. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో ట్రంకుపెట్టె ఎడమచేత్తో ఎత్తి, "ఎల్లొస్తాను మావా," అని బస్సెక్కాడు.

ఊళ్లో అందరూ మంచు గురించే అడుగుతారు. నా కళ్లముందు మెదిలేది వేరు. కుట్లు వేశాక తాడు వదిలాం. గుర్రం నన్ను దాటుకుని వెళ్లి, గుడ్డ చుట్టుకున్న వాడి చేతిలో ఆ మొద్దుబారిన మూతి పెట్టింది. వేలు విరగ్గొట్టింది నేనే. అయినా, కుట్టిన నన్ను వదిలేసి వాడి దగ్గరికి వెళ్లిందే అని ఇవాళ్టికీ కుళ్లుకుంటాను.