సుందరరాజులు గోడకెక్కిన వైనం

పూండి చెరువు దగ్గర తూముల తలుపులు ఎత్తి దించే లస్కరుగా పనిచేసి రిటైరైన సుందరరాజులుకు పెద్ద కోరికలు లేవు. మద్రాసు పట్నం తాగే నీళ్ళు తన చేతుల మీదుగా పోయాయన్న గర్వం ఒకటి ఉండేది. దాన్ని ఇంట్లో ఎవరూ పట్టించుకోకపోవడంతో మెల్లగా అదీ వదిలేశాడు. మిగిలింది ఒకే కోరిక. తాను పోయాక గోడ మీద వేలాడే బొమ్మ ఎలా ఉంటుందో బతికుండగానే చూసుకోవాలి.

దీనికి కారణం ఆయన అన్న అరుణాచలం. 1977లో పోయాడు. ఆయనకు విడిగా తీసిన ఫొటో ఒక్కటీ లేదు. ఎవరి పెళ్ళిలోనో వెనక వరసలో సగం కనపడే ముఖాన్ని ఒక స్టూడియోవాళ్ళు పెద్దది చేసి, ఆ రోజుల్లో పోయినవాళ్ళందరికీ తొడిగే కోటూ టై ఆయనకూ తొడిగారు. జీవితమంతా భుజాన తువ్వాలుతో మడిగట్ల మీద తిరిగిన మనిషి ఇప్పుడు హాల్లో ఇన్సూరెన్సు ఏజెంటులా నవ్వుతున్నాడు. కనుబొమలైతే పూర్తిగా స్టూడియోవాళ్ళవే.

"రేపు నన్నూ ఇట్టనే చేస్తారు. నేను చూసుకోని సరే అన్నాకనే గోడకెక్కాల," అన్నాడు సుందరరాజులు భార్య వనజాక్షితో.

వనజాక్షి ఆయనకు మేనమామ కూతురే. పెళ్ళికి ముందు బావా అని పిలిచేది, పెళ్ళయ్యాకా అదే పిలుపు.

"బతికుండే మనిషి పటం తగిలిస్తే ఏమవుతుందో తెలుసునా బావా? మొదట మేకు, తర్వాత పటం, ఆ పైన దండ. వరసగా వచ్చేస్తాయి. నా ఇంట్లో కుదరదు. చూసుకోవాలంటే అద్దం ఉంది గదా?"

"నేను పోయినాక అద్దం నన్ను చూపిస్తుందా?"

"నువ్వు పోయినాక నీకేం పని?"

సుందరరాజులు చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. కోరిక మాత్రం పోలేదు.

నెలనెలా కృత్తికకు తిరుత్తణి కొండెక్కి దిగేటప్పుడు ఆయన బోర్డు లోకనాథం కొట్లో కాసేపు కూర్చుంటాడు. లోకనాథం లారీల నంబర్లూ, హోటళ్ళ బోర్డులూ, 'ఇచ్చట నోటీసులు అంటించరాదు' అన్న గోడ రాతలూ రాసి బతికే మనిషి. మద్రాసు మూర్ మార్కెట్లో పాత పుస్తకాల గుట్టలో ఆయనకు ఒక లావుపాటి పుస్తకం దొరికింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పారిస్‌లో కొందరు గీసిన మనుషుల ముఖాలు అందులో రంగుల్లో ఉన్నాయి. ఫ్రెంచి భాష కాబట్టి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ పుస్తకాన్ని లోకనాథం మనసారా నమ్మడానికి అదే సాయపడింది. తానూ అలాంటిది ఒకటి గీయాలని ఏళ్ళ తరబడి చూస్తున్నాడు. ముఖం ఇచ్చేవాడే దొరకలేదు.

సుందరరాజులు గోడు విని లోకనాథం కుంచె కిందపెట్టాడు.

"వదినకి భయం దేనికన్నా? గోడ మీద ఉండేది నువ్వని తెలియడం. తెలియకుండా రాస్తే?"

"నేనని తెలియకుంటే అది నాదెట్టవుతుందిరా?"

"నీకు తెలుస్తుంది. వేరేవాళ్ళకి తెలీదు. మాడర్న్ ఆర్టు అంటే అదే."

పుస్తకం తెచ్చి ఒళ్ళో పెట్టాడు. సుందరరాజులు పేజీలు తిప్పాడు. ఒకావిడకు ముక్కు పొడుగునా పచ్చచార. ఒకాయన ముఖం కింద పడ్డ కుండలా ముక్కలు ముక్కలు. ఇంకొకరికి మెడ పొట్లకాయలా సాగింది.

"వీళ్ళకేం జబ్బు?"

"జబ్బు గాదన్నా, స్టయిలు. ఎదురుగా కనపడేదీ పక్కనుంచి కనపడేదీ ఒకేసారి రాస్తారు."

"రాయించుకున్నోళ్ళు కొట్టలేదా?"

"కొట్టే ఉంటారు. పుస్తకంలో వేయలేదు."

అలా కొండ కింద బస్టాండు పక్కన, టెంకాయల అంగడికీ కర్పూరం అంగడికీ మధ్య, సుందరరాజులు స్టూలెక్కి కూర్చున్నాడు. గుండ్లు చేయించుకుని గంధం పూసుకున్న యాత్రికులు చుట్టూ మూగారు. వాళ్ళలో ఒక పెద్దాయన బొమ్మనూ మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"ఏమప్పా, ఈ కన్ను యాడ చూస్తా ఉంది?"

"చిత్తూరు బస్సుని," అన్నాడు లోకనాథం.

"మరి ఆ కన్ను?"

"అది నిన్ను చూస్తా ఉంది. వెలుతురుకి అడ్డం, జరుగు సామీ."

గుర్తుపట్టేస్తారని లోకనాథం బొమ్మలో మీసం తీసేశాడు. అదే కారణంతో జుట్టూ ఎత్తేశాడు. నుదురు ఆకుపచ్చ, ఒక చెంప ఇటుక రంగు, రెండోది వంగపండు రంగు. చివరికి మిగిలింది పక్కనుంచి ఏటవాలుగా దిగే ఒక ముక్కు, దాని కింద కాస్త ముందుకొచ్చిన పెదవి. సుందరరాజులు చాలాసేపు చూశాడు. కోటు లేదు. నవ్వు లేదు. ఎవరూ చూడనప్పుడు తన ముఖం ఇలాగే ఉంటుందని ఆయనకు అనిపించింది.

బొమ్మను పంచెలో చుట్టుకుని రైల్లో తిరువళ్ళూరు దాకా, అక్కణ్ణుంచి బస్సులో ఊరికి తెచ్చాడు.

"ఏంది బావా ఇది?"

"సీనరీ. పూండి చెరువులో పొద్దు గూకేది."

"నడిమధ్యలో ఆ మిట్ట ఏంది?"

"చెరువు కట్ట."

వనజాక్షి తల అటూ ఇటూ వంచి చూసి, "రిటైరైనా ఆ చెరువు నిన్ను వదల్లేదు," అని, అరుణాచలం కోటు పక్కనే మేకు కొట్టనిచ్చింది. అప్పటినుంచి సుందరరాజులు తిండీ పేపరూ అన్నీ గోడకు ఎదురుగానే. తాను పోయాక ఇంటివాళ్ళకు ఏం కనపడుతుందో తెలిసిపోయింది. ఇక తొందరేమీ లేదు.

ఒక శుక్రవారం సంతకు పోయి వచ్చాడు. గడపలోనే కర్పూరం వాసన తగిలింది. తన ఆకుపచ్చ నుదుటి మీద గంధం, కుంకుమ. మెడ ఉండాల్సిన చోట మల్లెపూల దండ. చేతిలో ఉన్న వంకాయల సంచి జారి, కాయలు హాలంతా దొర్లాయి.

వనజాక్షి కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "సీనరీ అని చెప్పి నన్ను ఏమార్చినావు గదా బావా! పొద్దున చాటలో బియ్యం చెరుగుతా తలెత్తి చూసినా. ఒళ్ళు జల్లుమంది. అచ్చం మా నాయనే!"

వనజాక్షి నాయన పచ్చయ్యప్ప మింజూరులో సేద్యం చేసిన పెద్దరైతు. కెమెరా ఆయుస్సు తాగేస్తుందన్న భయంతో జన్మలో ఫొటోకు నిలబడలేదు. ఆయన రూపం ఎక్కడా లేదన్న బాధ కూతురికి ఉండేది. సుందరరాజులు ఆయనకు సొంత అక్క కొడుకు. మీసమూ జుట్టూ తీసేస్తే మిగిలేది మేనమామ ముక్కేనని మాడర్న్ ఆర్టుకు తెలియదు, లోకనాథానికీ తెలియదు.

పైగా ఆ మామంటే సుందరరాజులుకు ఒళ్ళుమంట. అల్లుడు విస్తరి ముందు కూర్చున్నప్పుడల్లా పదిమందికీ వినపడేలా, "మా అల్లుడు పూండిలో నీళ్ళకి కాపలా, ఇక్కడ సాంబారుకి కాపలా," అనేవాడు ఆయన.

ఇప్పుడు నోరు విప్పి అది నేనే అంటే? బతికున్న మొగుడికి దండ వేశానని వనజాక్షి గుండెలు బాదుకుంటుంది, శాంతి చేయిస్తుంది, బొమ్మ పెరట్లో పొయ్యిలోకి పోతుంది. అనకపోతే ప్రతి శుక్రవారం మామకు దండం పెట్టాలి. సుందరరాజులు వంకాయలు ఏరుకుంటూ ఆలోచించాడు. బావమరిది జయరామ్ మింజూరునుంచి వస్తున్నాడు. సొంత కొడుకు కదా, తన నాయన కాదంటాడు. తాను చెప్పకుండానే విషయం తేలిపోతుంది.

జయరామ్ వచ్చాడు. చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని పటం ముందు నిలబడ్డాడు.

"నాయనే అక్కా. అన్నం లేటయితే మొగం ఇట్టనే పెట్టేవాడు."

"బాగా చూడు జయరామా, పచ్చగా ఉండాది," అన్నాడు సుందరరాజులు ఆశగా.

"కడపటి రోజుల్లో కామెర్లు గదా బావా."

ఇక చేసేదేమీ లేకపోయింది. జయరామ్ తన ఇంటికీ, పక్కనే ఉన్న చిన్నాయన ఇంటికీ ఇలాంటివే రాయించమన్నాడు. "మా ఇంట్లో పెట్టే పటానికి మాత్రం కోటు వేయించు బావా, అందంగా ఉంటుంది."

"కోటా!" సుందరరాజులు లేచి నిలబడి అరిచాడు. "కోటు వేస్తే నేను ఒప్పుకోను! ఒక్క గీత మార్చేదానికి లేదు!"

అక్కా తమ్ముడూ ఒకరినొకరు చూసుకున్నారు. మామ మీద ఈయనకు ఇంత అభిమానం ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదే అని వనజాక్షి మళ్ళీ కళ్ళు ఒత్తుకుంది.

మర్నాడు తిరుత్తణికి పోయి లోకనాథం మీద విరుచుకుపడితే అతను ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "మాడర్నులో రాసినా మనుషులు గుర్తుపట్టినారా! పేరు మారింది, అంతే గదన్నా. ఇంకో రెండు రాసేదానికి రంగులు నానేస్తా, కూర్చో."

ఆ విధంగా సుందరరాజులు మూడిళ్ళ గోడలకెక్కాడు. శుక్రవారం శుక్రవారం తన మెడలో పడే పూలను మొదట్లో భయంభయంగా చూసేవాడు. జ్వరమైనా రాకపోయేసరికి అలవాటయింది. కనకాంబరాల దండ వేస్తే ఆకుపచ్చకు నప్పదని, మల్లెలే వేయమని చెప్పేదాకా వచ్చాడు. మిగతా రెండు బొమ్మల మీద బూజూ ఎండా పడకుండా ఎవరు చూస్తారన్న దిగులు కూడా పట్టుకుంది. నెలకోసారి తిరువళ్ళూరులో బస్సెక్కి మింజూరు పోవడం మొదలుపెట్టాడు. పటం తుడిచి, కాస్త వాలుంటే సరిచేసి, ఎదురుగా ఉన్న మంచం మీద సాయంత్రం దాకా కూర్చునేవాడు.

ఒకసారి జయరామ్ అడిగేశాడు. "ఏం బావా, మా నాయన ఉన్నప్పుడు ఈ ఇంట్లో ఒక పూట నిలిచింది లేదు. ఇప్పుడు ఆయన్ని చూసేదానికే ఇంతదూరం వస్తా ఉండావు?"

"అప్పుడు మామ మాట్లాడేవాడు గదా," అని సుందరరాజులు విస్తరి ముందుకు లాక్కున్నాడు.