ఉప్పు లేని పథ్యం, మా నూకరాజు బావ

నిన్న పొద్దున్న టీ తాగుతుంటే మనవరాలు ఫోన్ తెచ్చి చూపించింది.

మా ఆవిడ అన్న ఫొటో. దండ వేసి ఉంది.

షాక్. గ్లాసు ఎక్కడ పెట్టానో కూడా తెలియలేదు.

నూకరాజు బావ లేడు.

నాకు నలుగురిలో మాట్లాడటం రాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

బావ బెల్లం వండేవాడు. పెద్ద పెనంలో చెరుకు పాకం ఉడుకుతుంటే ఒక చుక్క నీళ్ళలో వేసి, వేళ్ళతో నలిపి, "దించీయండ్రా" అనేవాడు. అనకాపల్లి మార్కెట్లో ఆ బెల్లానికి పేరుండేది.

చెరుకాడే క్రషర్ దగ్గరికి ఎవరొచ్చినా ఆకులో వేడి బెల్లం పెట్టకుండా పంపలేదు.

"ముందు తిను బావా, తరవాత మాటాడు" అనేవాడు నాతో. నేను మాట్లాడనని తెలుసు కదా.

తర్వాత బీపీ వచ్చింది. కొన్నేళ్ళకి మతిమరుపు మొదలైంది.

డాక్టర్ దగ్గరికి బావనీ, బావ కొడుకునీ తీసుకుని నేనూ వెళ్ళాను. ఆ కొడుకు నాకు అల్లుడు వరస.

డాక్టర్ విడమరిచి చెప్పాడు. "ఉప్పు తగ్గించండి, తిండి కాదు. పప్పు, ఆకుకూర, చేప, పళ్ళు బాగా పెట్టండి. బీపీ ఉన్న పెద్దాయన. తిండి సరిగ్గా లేకపోతే మతి ఇంకా తగ్గొచ్చు."

ఇంటికొచ్చేసరికి మొదటి మాటే మిగిలింది.

మన ఇళ్ళల్లో డాక్టర్ ఒకటి వద్దంటే దాని పేరు పథ్యం. పథ్యం అంటే అన్నీ బంద్.

చేప బంద్. పప్పు బంద్. పూటపూటా ఉప్పు లేని చోడి అంబలి, అదే రాగి జావ.

"నాన్నకి స్ట్రిక్ట్ డైట్" అని అల్లుడు గొప్పగా చెప్పేవాడు.

బావ చిక్కిపోయాడు. మతీ చిక్కిపోయింది.

"ఆకలేత్తందిరా" అంటే, "ఇప్పుడే కదా తిన్నావు, మర్సిపోయేవు" అనేవారు.

ఒక్కోసారి తినేవాడేమో. ఒక్కోసారి కాదు. మతిమరుపు మనిషి మాట ఎవరు నమ్ముతారు?

మొన్న ఎలమంచిలిలో పెళ్ళి. బంతిలో బావ పక్కన కూర్చున్నాను. వడ్డించేవాళ్ళు రాగానే అల్లుడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒద్దండి. నాన్నకి ఇంటికాడ్నించి బాక్సు తెచ్చేం. తినేసేడు."

"నాను తినలేదురా" అన్నాడు బావ.

"తినేసేవు నాన్నా. నీకు గుర్తుండదు."

బంతంతా నవ్వింది.

నాకు నోరు పెగిలింది. "లేదురా అల్లుడా. పొద్దున్నుంచీ నా పక్కనే ఉన్నాడు. ఏటీ తినలేదు."

"నీకూ వచ్చేసిందేటి మామా, మతిమరుపు?"

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు.

బావ ఆ నవ్వే మొహాలన్నీ చూశాడు.

"తినేసేనేటి? అయితే సరేలే."

లేచి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. మెతుకు అంటని చెయ్యి శుభ్రంగా కడుక్కున్నాడు.

బాక్సు కారులోనే ఉంది. మూత తియ్యలేదు. కోడలు తినిపించిందని కొడుకు, కొడుకు తినిపించాడని కోడలు అనుకున్నారట.

నిన్న అల్లుడు ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు, "నాన్నని కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నాం" అని. లైకులు చాలా వచ్చాయి.

రేపు చిన్నదినం, మూడో రోజు కర్మ. కాకికి పెట్టే ఆకులో చేపల పులుసు, గారెలు, ఆవకాయ. అన్నీ బావకి ఇష్టమైనవేనట.

అల్లుడా, ఉప్పు సరిపడా వెయ్యి. ఇంక బీపీ పెరగదు.

కాకి ముట్టకపోతే కంగారు పడకు. తినేసి మర్చిపోయిందని చెప్పెయ్యి. అందరూ నమ్ముతారు.

వెళ్ళిరా బావా.

ఆకలంటే నమ్మేవాళ్ళ మధ్య నీకు శాంతి దొరకాలి.