అత్త వంటిల్లు, నా పన్నెండు పేజీలు

రోజువారీ బతుకు గురించి ఫ్రాన్సు దేశపు పండితుడొకాయన రాసిన లావుపాటి పుస్తకం, దాని ఇంగ్లీషు అనువాదం, నా చేతికొచ్చి అప్పటికి ఆరు నెలలు. తిరుత్తణిలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ చెన్నైలో పార్ట్ టైం పీహెచ్‌డీ చేస్తున్నాను. శనివారాలు కరెంటు రైలెక్కి మా గైడు దగ్గరికి పోయేదాన్ని. పుస్తకం రైల్లోనే చదవాలి. అరక్కోణంలో మొదలుపెట్టిన వాక్యం తిరువళ్ళూరు వచ్చినా ముగిసేది కాదు. వెనక్కి పోయి మళ్ళీ చదివేసరికి ఎక్కడ మొదలైందో మరిచిపోయేదాన్ని.

అర్థం కాకపోవడం కన్నా నన్ను ఎక్కువగా బిత్తరపోయేలా చేసింది అందులోని విషయం. ఇల్లు ఊడవడం, కూర తరగడం, అంగడికి నడిచిపోవడం. వీటి మీద అన్ని వందల పేజీలా? మా ఇంట్లో ఆ పనులన్నీ చేసేది మా అత్త. అవి రాయదగిన సంగతులని నాకు ఎన్నడూ తోచలేదు.

నాకు తెలిసినంతలో ఆ పండితుడు చెప్పేది ఇంతే. మనకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నదే మన కంటికి ఆనదు. అలవాటని మనం కొట్టిపారేసే పనుల్లో మనిషి తెలివంతా దాగి ఉంటుంది. ఈ మాట మా గైడుకు చాలా ఇష్టం. మీ ఇంట్లో ఒకరి ఒక్క రోజును కూర్చుని చూసి రాసుకు రండి అన్నారు. నేను మరో ఆలోచన లేకుండా అత్తను ఎంచుకున్నాను.

అత్త పళ్ళిపట్టు దగ్గర సేద్యం చేసుకునే ఇంట పుట్టింది. నేను కోడలిగా వచ్చిన ఈ పద్నాలుగేళ్ళలో వంటిల్లు ఆమెదే. స్కూలుకు సెలవున్న ఒక రోజు పొద్దున్నే నోటుబుక్కు పట్టుకుని వంటింటి గడప మీద కూర్చున్నాను. సంగతి చెబితే అత్త నవ్వింది.

“సుమ్మా, ఊరికే చేసే పనే కదమ్మణ్ణీ. దాంట్లో రాసేదానికి ఏముండాది?”

ఉందని రాస్తూ పోయాను. ఆమె లైటు వెయ్యకుండానే పొయ్యి వెలిగించింది. కాపీ పోసేటప్పుడు చూపుడువేలి కొనను గ్లాసు లోపలికి వంచి పెట్టుకుంది, వేలికి వేడి తగలగానే ఆపింది. పెనం మీద చప్పుడు సన్నబడగానే దోసె తిప్పింది. హాల్లోంచి వచ్చేటప్పుడు అరచెయ్యి గోడకు ఆనించుకుంటూ వచ్చింది. పసుపు డబ్బా తీసి నేను పక్కన పెడితే, ఎక్కడిదక్కడ పెట్టమని కోప్పడింది. నేను బళ్ళో చదివింది తమిళమే అయినా, ఆమె మాటలు అందులోకి మారిస్తే రుచి పోతుందని, చిన్నప్పుడు మా తాత దిద్దించిన వంకర అక్షరాలతో అన్నీ తెలుగులోనే రాసుకున్నాను. సాయంత్రానికి పన్నెండు పేజీలయ్యాయి. ఇన్నేళ్ళు ఆ చేతి వంట తిని ఆ చేతుల్ని ఒక్కనాడూ చూడలేదే అని నాకే దిగ్భ్రమ కలిగింది.

ఆ పేజీలను ఇంగ్లీషు చేసి సెమినార్లో చదివాను. కళ్ళతో పని లేని చేతుల తెలివి అని పేరు పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. థీసిస్‌లో ఇదే మంచి అధ్యాయం అవుతుందన్నారు గైడు.

మరునాడు ఆదివారం. సాయంత్రం అత్త హాల్లో చాప మీద కూర్చుని ఉంటే ఎడమ పక్కన చేరి, తెలుగులో రాసుకున్నదంతా చదివి వినిపించాను. ఆమె ఊకొట్టకుండా వింది. వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుందో నేను గీసిన బొమ్మ ఒకటుంది. అది చూడమని నోటుబుక్కును పక్కనుంచే ఆమె వైపు చాపాను.

అత్త చెయ్యి చాచింది. నోటుబుక్కుకు జానెడు దూరంలో వేళ్ళు గాలిని పట్టుకుని మూసుకున్నాయి.

ఆమె నాతో ఆడుకుంటోందనుకున్నాను. నోటుబుక్కును మెల్లగా ఇంకొంచెం పక్కకు జరిపాను. చెయ్యి ఇంకోవైపు వెతికింది. పైన ట్యూబులైటు వెలుగుతూనే ఉంది.

“అత్తా, ఇది కనపడలేదా నీకు?”

ఆమె చెయ్యి వెనక్కి తీసి ఒడిలో పెట్టుకుంది. “ఎడమ కన్ను పోయి రెండేళ్ళాయ. కుడి దాంట్లో నేరుగా ఉండేది మాత్రం కనపడతాది. చుట్టూ చీకటి,” అంది, పాలు విరిగిపోయాయని చెప్పినంత మామూలుగా.

చేతిలోని పేజీల వైపు చూశాను. వేసినా పెద్ద తేడా లేదు కాబట్టి ఆమె లైటు వెయ్యలేదు. కాపీ ఎంతవరకు వచ్చిందో తెలియక గ్లాసులో వేలు పెట్టింది. దారి కోసం గోడ పట్టుకుంది. ఒక్కటి కూడా వదలకుండా అన్నీ నేనే రాశాను. గుడ్డితనాన్ని గంట గంటకూ రాసుకుని, దానికి తెలివి అని పేరు పెట్టి, పదిమందికి చదివి వినిపించి వచ్చాను.

ఎందుకు చెప్పలేదని అడిగాను.

“చెప్పింటే ఏం చేసిండేవాళ్ళు? చెయ్యి కాలతాదని పొయ్యికాడికి రానిస్తారా? తీసి మూల కూర్చోబెడతారు. ఆపైన నేను యాడికి పోయేది?”

డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయనకు చెబితే బూట్లు కూడా విప్పకుండా మెట్టు మీదే కూలబడ్డాడు. అతను రోజూ ఆమెకు ఎదురుగా కూర్చునే తింటాడు. నేరుగా ఉన్నవాణ్ణి ఆమె చూస్తూనే ఉంది, అతనికి అనుమానం రాలేదు.

మరునాడే తిరువళ్ళూరులో కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాము. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిన్నదని, పోయిన చూపు ఇక రాదని, మిగిలింది మందు చుక్కలతో కాపాడుకోవచ్చని డాక్టరమ్మ తమిళంలో చెప్పింది. రెండేళ్ళ ముందే వచ్చి ఉంటే అని కూడా అంది. నేను తల దించుకున్నాను. అత్త ఒకటే అడిగింది, పొయ్యి దగ్గర పని చెయ్యొచ్చా అని. డాక్టరు నా వైపు ఒకసారి చూసి, మంచి వెలుతురు పెట్టుకుని జాగ్రత్తగా చేసుకోవచ్చని చెప్పింది.

ఇంటికి రాగానే గైడుకు ఫోను చేసి ఆ అధ్యాయం తీసేస్తానన్నాను. జరిగింది విని ఆయన అయ్యో అన్నారు. ఆ తర్వాత, ఇప్పుడే అది చాలా గట్టి అధ్యాయమైంది, ఈ సంగతి కూడా చేర్చండి అన్నారు. ఫోను పెట్టేశాను. ఆయన చెడ్డవారు కాదు. వారం కిందటైతే ఇంకొకరి అత్త గురించి నేనూ అదే మాట అనేదాన్ని. అది తట్టినప్పుడు నాకు నా మీదే భయమేసింది.

అడగాల్సిన మనిషిని అడిగాను. అత్త చిక్కుళ్ళు ఒలుస్తోంది. చేతిలోది ఒలిచి గిన్నెలో వేసింది.

“రాసుకో. అయితే చేతుల తెలివి గిలివి అని రాయొద్దు. భయపడి చేసినానని రాయి. కాపీ పొర్లితే మీకు తెలిసిపోతాదని వేలు పెట్టినా. అంతే.”

అట్లాగే తిరగరాశాను. భయం అన్న మాట కింద గైడు ఎర్రగీత గీసి, ఇది ఏ సిద్ధాంతంలోనిది అని అడిగారు. మా అత్త చెప్పిందని పక్కన రాసి పంపాను. ఇంకా జవాబు రాలేదు.

అత్త కంట్లో పొద్దున, సాయంత్రం చుక్కలు వెయ్యాలి. మొదటి రోజు చాప మీద పడుకుని నా ఒళ్ళో తల పెట్టుకుంది. ఈ ఇంటికి వచ్చాక ఆమె తల బరువు నాకు తెలియడం అదే మొదలు. సీసా పట్టుకుని వంగాను. ఆమె కుడి కన్ను నేరుగా నన్నే చూసింది.

“ముక్కుపుడక మార్చినావే. ఎప్పుడు?”

“పోయినేడాది అత్తా.”

ఆమె వేలెత్తి దాన్ని తడిమింది. “బాగుండాది,” అంది. “ఊ, తొందరగా వెయ్యి. సంగటికి ఎసరు పెట్టొచ్చినా.”