తాతయ్య రాసిన వాగ్దానం

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి మాటలన్నీ మా తాతయ్య చేతిరాతలోనే కనిపించేవి. గోడ మీద బైబిలు వాక్యం ఆయనే రాసేవాడు, మందిరం తలుపు మీద ప్రార్థన కూడికల వేళలు ఆయనే రాసేవాడు. రాయడమే ఆయన బతుకుతెరువు. నర్సీపట్నం రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర చిన్న బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవాడు. రోలుగుంట వైపు నుంచి వచ్చే రైతులు ఆయన బల్ల ముందు గొంతుక్కూర్చుని, తమ పొలం సంగతి చెప్పుకుంటూ, ఆ రాత వంక చూస్తూ ఉండిపోయేవారు. తాతయ్య తండ్రి కాలంలో మిషను వాళ్ల దగ్గర బాప్తిస్మం పుచ్చుకున్న ఇల్లు మాది. మా మందిరం రేకుల కప్పుది, పట్టుమని పాతిక కుటుంబాలు కూడా ఉండేవి కావు. తాతయ్య అందులో సంఘ పెద్ద.

కొత్త సంవత్సరం మొదటి రోజు పొద్దున్న ఆరాధనలో మా వాళ్లకొక అలవాటుంది. చిన్న అట్టముక్కల మీద బైబిలు వాక్యాలు రాసి, పళ్లెంలో పోసి, పైన గుడ్డ కప్పి అందరి ముందూ తిప్పుతారు. ఎవరి చేతికి ఏ ముక్క వస్తే అది ఆ ఏడాదికి దేవుడు వాళ్లకిచ్చిన వాగ్దానం. దాన్ని బైబిల్లో దాచుకుంటారు, జ్వరమొస్తే తలగడ కింద పెట్టుకుంటారు, పంట పోయినా పరీక్ష పోయినా తీసి చూసుకుంటారు. అచ్చువేసినవి విశాఖపట్నంలో దొరికేవి గానీ, పెద్దాయన రాత ఉండగా కొనడం దేనికని మా వాళ్లు ఆయన చేతే రాయించుకునేవారు. ఏడాది పొడుగునా ఇంటికొచ్చిన శుభలేఖలు దాచి, పసుపు రాసిన అంచులు తీసేసి, వెనకవైపు రాసేవాడు. కత్తెర పని నాది. శాపాలూ తీర్పులూ ఉన్న వాక్యం ఒక్కటి కూడా ఆయన రాయగా నేను చూడలేదు. ఎందుకు రాయవని అడిగితే, పండగపూట జనాన్ని ఏడిపించమంటావేటే అని నవ్వేవాడు.

నేను ఆరో తరగతిలో ఉన్న ఏడు మా అత్త, అంటే తాతయ్యకి ఒక్కగానొక్క కూతురు, జబ్బు చేసి పుట్టింటికి వచ్చింది. ఆవిడది పాయకరావుపేటలో కాపురం. టీబీ అన్నారు. దగ్గు తగ్గేదాకా పిల్లని దగ్గరికి రానివ్వొద్దని డాక్టరు చెప్పడంతో, నాలుగేళ్ల కూతుర్ని అత్తగారి చేతిలో పెట్టి ఏడ్చుకుంటూ వచ్చింది. సర్కారు ఆసుపత్రిలో బిళ్లలు ఊరికే ఇచ్చేవారు. అవి మింగితే కడుపులో తిప్పేసి కక్కుకునేది. ఎంత బాగున్నా సరే, మేం ఆపమనేదాకా ఒక్కరోజు కూడా మానొద్దని ఆసుపత్రి నర్సమ్మ మా అందరినీ వరసగా నిలబెట్టి మరీ చెప్పింది. అత్తకి మాత్రం ఆశ చచ్చిపోయింది. గోడవైపు తిరిగి పడుకుని, నేను పోతాను, నా పిల్ల నా మొహం మరిచిపోతుంది అనేది. కూతురు అలా అంటుంటే వినలేక తాతయ్య చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయేవాడు.

ఆ క్రిస్మసుకి మా చిన్నాన్న విశాఖపట్నం నుంచి వచ్చాడు. అక్కడ చరిత్రలో ఎమ్మే చదువుతున్నాడు. ఒక సంచీడు పుస్తకాలూ రెండు సంచుల సందేహాలూ మోసుకొచ్చాడని మా అమ్మ దెప్పేది. యేసుప్రభువు తన చేత్తో ఒక్క ముక్కా రాసిపెట్టలేదనీ, ఆయన్ని కళ్లారా చూసినవాళ్లు ఒక్కొక్కరే రాలిపోతుంటే, విన్నవాళ్లూ, విన్నవాళ్ల దగ్గర విన్నవాళ్లూ ఎన్నో ఏళ్ల తర్వాత రాసుకున్నారనీ అన్నం ముందు కూర్చుని చెప్పేవాడు. అందుకే ఆయన సమాధి దగ్గర ఒకరు ఒక్క దూత ఉన్నాడని రాస్తే ఇంకొకరు ఇద్దరున్నారని రాశారట. బైబిల్లో ఏ పుస్తకం ఉంచాలో ఏది తీసెయ్యాలో కూడా మనుషులే తేల్చుకున్నారట. మా అమ్మ చెవులు మూసుకునేది. తాతయ్యకి మాత్రం కోపం వచ్చేది కాదు.

“ఒరే, నాను రాసిన దస్తావేజు నాదైపోద్దేటి? పొలం అమ్మినోడిది. కలం నాది, మాట ఆడిది. ఇదీ అంతే. రాసినోళ్లు మనుషులే, రాయించినోడు ఆయన.”

హద్దులు తప్పు రాసిన దస్తావేజుతో ఎన్ని కొంపలు మునిగాయో నువ్వే చెప్పేవాడివి కదా నాన్నా అని చిన్నాన్న ఎదురు అడిగేవాడు. తాతయ్య నవ్వేసి మజ్జిగ పోసుకునేవాడు. ఈ వాదనంతా అత్త మంచం మీంచి వింటూ ఉండేది.

డిసెంబరు ఆఖరి రోజు మధ్యాహ్నం వాగ్దానాలు రాస్తూ తాతయ్య ఒక ముక్క విడిగా రాసుకున్నాడు. చావను, బతికే ఉంటాను, బతికి దేవుడు చేసినవన్నీ చెప్పుకుంటాను అన్న అర్థం వచ్చే కీర్తన వాక్యం అది. ఇంకు ఆరాక దాన్ని పళ్లెంలో వెయ్యకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు మందిరంలో పళ్లెం ఆయనే తిప్పాడు. అత్త గోడవార చాప మీద కూర్చుంది, నేను పక్కనే ఉన్నాను. ఆమె చెయ్యి గుడ్డ కిందికి వెళ్లేసరికి, తన బొటనవేలి కింద నొక్కిపెట్టి ఉంచిన ముక్కని ఆమె వేళ్లలోకి తోశాడు. నేను చూశాను. నేను చూశానని ఆయనా చూసి కన్ను గీటాడు. అత్త అది చదివి, కళ్లకి అద్దుకుని, అంతమందిలో భోరుమని ఏడ్చింది.

సాయంత్రం నన్ను పెరట్లోకి పిలిచాడు. “మందు సగం, గుండె నిబ్బరం సగం అమ్మా. దానికి నిబ్బరం లేదు. నువ్వు సూసినట్టు ఎవరికీ సెప్పకు, నా బంగారు తల్లివి కదా.” నేను తలూపాను. పెద్దవాళ్ల రహస్యం ఒకటి నా దగ్గర ఉందని నాకు ఒళ్లు తెలియనంత గర్వం.

మొదట్లో ఆ ఉపాయం పనిచేసింది, అది కూడా చెప్పాలి. అత్త మంచం దిగింది. బిళ్లలు మింగి, కక్కొస్తే నోట్లో ఉప్పుకల్లు వేసుకుని ఓర్చుకునేది. ఎండుచేపల పులుసుతో అన్నం తినేది. నా జడలు వేస్తూ, మా గుంటకి కూడా ఇలాగే రెండు జడలు వేస్తానని చెప్పేది. మాఘమాసం వచ్చేసరికి దగ్గు తగ్గి, బుగ్గలు నిండాయి. నిబ్బరం సగం అన్న తాతయ్య మాట ఎంత నిజమో అనుకున్నాను.

ఆ తర్వాత ఒక ఆదివారం, దేవుడు చేసిన మేళ్లు అందరికీ చెప్పుకునే సాక్ష్యాల వేళ, అత్త లేచి నిలబడింది. కొత్త సంవత్సరం నాడు ప్రభువు తనకి ప్రాణం ఇస్తానని సొంతంగా మాట ఇచ్చాడనీ, మాట పుచ్చుకుని కూడా పక్కన బిళ్లలు మింగడమంటే ఆయన్ని అనుమానించినట్టేననీ, అందుకని పది రోజుల కిందటే మానేశాననీ చెప్పింది. ఇన్నాళ్లూ మాకు తెలియకుండా రోజూ బిళ్లని కాలవలో పారేసిందట. దగ్గు తిరిగి రాలేదు చూడండి అంది. జనమంతా స్తోత్రం అన్నారు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, చేతులెత్తి స్తోత్రం అన్నాడు. తాతయ్య ముందు వరసలో ఉన్నాడు. ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు చెప్పేస్తాడు అనుకున్నాను. ఆయన కూడా స్తోత్రం అన్నాడు. నేనూ అన్నాను.

ఇంటికి వచ్చాక తాతయ్య వాక్యాన్ని వాక్యంతోనే తియ్యాలని చూశాడు పాపం. సువార్త రాసిన లూకా వైద్యుడు కాదా అన్నాడు. ఒక రాజుకి ఇంకా పదిహేనేళ్లు బతుకుతావని దేవుడే చెప్పాక కూడా ప్రవక్త పుండు మీద అంజూరపండ్ల కట్టు వేయించలేదా అన్నాడు. అది పాత నిబంధన సంగతి అని అత్త కొట్టిపారేసింది. ఆమె చేతిలో ఉన్న కీర్తన కూడా పాత నిబంధనదే. ఆ సంగతి ఎత్తిచూపడానికి తాతయ్యకి నోరు రాలేదు. ఆసుపత్రి నుంచి మనిషి వస్తే అత్త ఎదురెళ్లి, నాకు నయమైపోయిందండీ అని పంపేసింది.

వేసవి సెలవులకి చిన్నాన్న వచ్చి, పుండు మీద కారం చల్లాడు. మంచికే చేశాడు, కాదనను. ఎవరో ఎక్కడో తమ కష్టంలో పాడుకున్న పాట అది, నీ ఊపిరితిత్తుల గురించి రాసింది కాదక్కా అన్నాడు. ఆ పుస్తకాలు ఎలా పుట్టాయో, ఎవరెవరు రాశారో మళ్లీ మొదలుపెట్టాడు. ఆయన చెప్పినకొద్దీ అత్త బిగుసుకుపోయింది. చివరికి, సాతాను మన ఇంట్లోనే కంచం ముందు కూర్చున్నాడు అంది. ఆ మాటతో చిన్నాన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు.

ఎండలు ముదిరేసరికి దగ్గు తిరగబెట్టింది. ఒకరోజు వెలుతురు బాగా ఉన్న మధ్యాహ్నం, అత్త నూతి దగ్గర నీళ్లు తోడుతూ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసరికి ఎర్రగా ఉంది. తాతయ్య ఆఫీసు మానేసి వచ్చి మంచం పక్కన కింద కూర్చున్నాడు. ఆయన కూతురి కంటే కింద కూర్చోవడం నేను అంతకు ముందెన్నడూ చూడలేదు. జేబులో పెట్టుకున్న సంగతీ, బొటనవేలి సంగతీ అంతా చెప్పేశాడు. కావాలంటే దీన్నడుగు, ఇది చూసింది అని నన్ను చూపించాడు. నేను అవునన్నాను. హమ్మయ్య, ఇక అత్త బిళ్ల వేసుకుంటుంది అనుకున్నాను.

అత్త నవ్వింది. తండ్రి తల మీద చెయ్యి వేసింది.

“నువ్వు పెట్టేవని నాకెందుకు సెప్తావు నాన్నా? నీ సేత పెట్టించినోడు ఎవుడు? రాసినోళ్లు మనుషులే, రాయించినోడు ఆయన అని నువ్వే కదా సెప్పీవోడివి.”

దానికి జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు. నాకు తెలిసిన ఏ పండితుడి పుస్తకంలోనూ, ఏ ప్రసంగంలోనూ దొరకలేదు. నిజం చెబితే చాలు, మనిషి నమ్మేస్తాడని నాకు పదకొండేళ్ల వయసులో ఒక భ్రమ ఉండేది. ఆ మంచం దగ్గర అది పోయింది.

మామయ్య పిల్లని వెంటబెట్టుకొచ్చి కాళ్లా వేళ్లా పడితే, ఆషాఢంలో మళ్లీ బిళ్లలు మొదలుపెట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. మధ్యలో ఆపేస్తే మందు మునుపటిలా పనిచెయ్యదని డాక్టరు ముందే చెప్పాడు. వానలు పడుతుండగా పోయింది. పోయేముందు పిల్లని గుమ్మం బయటే నిలబెట్టి దూరం నుంచి చూపించారు. ఆ పిల్ల తల్లిని చూసి బెదిరిపోయి, నాన్న కాళ్ల వెనక దాక్కుంది. అత్త అది చూసింది. తల గోడవైపు తిప్పుకుంది.

సమాధి దగ్గర అయ్యగారు, మన చెల్లికి ప్రభువు ఇచ్చిన వాగ్దానం నెరవేరింది, ఆమె చావలేదు, ఆ లోకంలో బతికే ఉంది అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. తప్పు ఎవరిదీ కానట్టు, అనుకున్నదంతా సక్రమంగా జరిగినట్టు ఇంటికొచ్చేశాం. తాతయ్య అప్పటి నుంచి సంఘంలో నోరు విప్పలేదు. దేవుణ్ణి వదిలేశాడా అంటే ఏమో, ఆదివారం వెళ్లి వెనక కూర్చునేవాడు. దస్తావేజులు రాయడం మానలేదు, తిండికి కావాలి కదా. కానీ వాగ్దానాలు మళ్లీ రాయలేదు. ఆ ఏడాది సంఘం వాళ్లు అచ్చువేసినవి తెప్పించారు.

నేను తిండి సరిగ్గా తినడం లేదని అమ్మ చెప్పిందేమో, తాతయ్య ఒక పొద్దున్న నన్ను పిలిచి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. నాకు అప్పటికే ఒళ్లో కూర్చునే వయసు దాటిపోయింది. నేనే ఏడుస్తూ చెప్పాను, ఆ ఆదివారం మందిరంలో నేను లేచి చెప్పేస్తే అత్త బతికేది కదా అని. పది రోజుల బిళ్లలే కదా పోయేవి అని. ఆయన నా వీపు నిమిరాడు.

“నీ తప్పు ఇసుమంతైనా లేదమ్మా. అంతా నాదే.”

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నాకూ జుట్టు నెరిసింది. ఆ మాట ఆయన ప్రేమతో చెప్పాడని నాకు తెలుసు. అత్తకి ఆ అట్టముక్క ఇచ్చింది కూడా ప్రేమతోనే. అందుకే ఇన్నేళ్లయినా ఆ మాటని నమ్మలేకపోతున్నాను.