కుడి చెయ్యి, ఎడమ చెయ్యి

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఒకటి ఉంది. నేను మొట్టమొదటిసారి పదిమంది ముందు గొంతెత్తి మాట్లాడిన రోజున ఆ పదిమందిలో ఒక్కరికీ నేను కనబడలేదు. ఏ పూట ఏ కూర తిన్నదీ డైరీలో రాసుకునే దాన్ని, ఈ సంగతి మాత్రం రాయలేదు. నిన్న షాద్‌నగర్‌లో మా బడి పిల్లలకు కలరా సూదులు వేస్తుంటే స్పిరిట్ వాసన తరగతి గదిలోకి వచ్చింది. లెక్క సగంలో చెయ్యి ఆగిపోయింది. ఆ వాసన వెంట యాదమ్మ వచ్చి నిలబడింది.

యాదమ్మ ఒక కంటి శిబిరంలో ఆయా. చదువు రాదు, అప్పటికి యాభై ఏళ్లుంటాయి. ఏడేళ్ల కిందట దసరా సెలవుల్లో పాలమూరులో ఒక బడిలో ఆ శిబిరం పెడితే, ఆత్మకూరు నుంచి మా అవ్వను తీసుకుని నేనే వెళ్లాను. గదిలో బల్లలు బయటపెట్టి, గడ్డి పరిచి, ఇరవై మందిని పడుకోబెట్టారు. మగవాళ్లది ఒక వరుస, ఆడవాళ్లది ఒక వరుస, అందరూ అరవై దాటినవాళ్లే. ఆపరేషన్ ఒక కంటికే అయినా పట్టీ రెండు కళ్లకూ కట్టారు. తలకు అటూ ఇటూ ఇసుక సంచులు. ఏడు రోజులు వెల్లకిలా పడుకోవాలి. తల ఎత్తకూడదు, దగ్గకూడదు, మాట్లాడకూడదు. కుట్లు తెగితే కన్ను పోయినట్టే. మా అవ్వకు రెండో కన్ను అప్పటికే పోయింది. ఉన్నది ఈ ఒక్కటే.

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి పగలు నడుం వాల్చని మనిషి అవ్వ. రెండో రోజు మధ్యాహ్నానికే మోచేతుల మీద లేవబోయింది. "నేను శవాన్నా, గిట్ల పండవెట్టిన్రు? ఆముదం చేన్ల కలుపు నీ తాత తీస్తడా?" యాదమ్మ ఆమె భుజాలు అదిమిపట్టి, అదే ఊపులో గదంతటికీ వినబడేలా అడిగింది: "అందరు ఇనుండ్రి! కృష్ణ పెద్దదా, మూసీ పెద్దదా? మొదటిదైతే కుడి చెయ్యి లేపుండ్రి, రెండోదైతే ఎడమ చెయ్యి. నోరు తెరిస్తె ఓడినట్టే." చప్పుడు లేకుండా ఇరవై కుడిచేతులు లేచాయి. అవ్వది కూడా. తల కదపకుండా, నోరు మెదపకుండా ఆడగలిగే ఆట అదొక్కటే అని యాదమ్మకు ఎవరు నేర్పారో నాకు తెలియదు.

సాయంత్రానికి ఆమె దగ్గర ప్రశ్నలు అయిపోయాయి. నా చాప కింద దాచిన నోటుబుక్కు ఆమె కంటపడింది. "గా బుక్కుల ఏం రాస్తవ్ బిడ్డా?" చదివిన పుస్తకాల్లోంచి ఏరి రాసుకున్న వింతలు, అంతే అన్నాను. "మరింకేంది, అడుగు." నోటుబుక్కు మళ్లీ చాప కిందికి తోశాను. "అందరి ముందు నా వల్ల కాదత్తా." యాదమ్మ నా గడ్డం పట్టుకుని రెండు వరుసల వైపు తిప్పింది. "ఎవరి ముందట? సూడు. ఒక్కరికన్న కనవడ్తవా?"

తెల్లటి పట్టీలు, పైకప్పు వైపు తిరిగిన ముఖాలు. నిజమే, ఎవరికీ కనబడను. గోడకు ఆనుకుని అడిగాను: "తిరిగేది సూర్యుడా, భూమా?" అన్నీ కుడిచేతులే. భూమి అని చెప్పేసరికి మగవాళ్ల వరుసలో మల్లయ్య తాత ఉండబట్టలేక, "భూమి తిరిగితె నా బాయి యాడికి పోతది?" అన్నాడు. నోరు తెరిచినందుకు మగవాళ్ల వరుస ఓడిందని యాదమ్మ తీర్పు. వెంటనే ఇంకోటి అడిగాను: "దోమల్లో కుట్టేది మగదా, ఆడదా?" మగవాళ్లందరూ ఎడమ చెయ్యి లేపారు, ఆడవాళ్లందరూ కుడి చెయ్యి. కుట్టేది ఆడదేనని చెప్పాక అవ్వ పెదాలు బిగించింది. కాసేపటికి గొణిగింది: "రేపు ఇంకోటి అడుగు. ఈళ్ల సంగతి జెప్త." రేపటి దాకా ఉంటానని ఆమె ఒప్పుకోవడం అదే మొదలు.

నాలుగో రోజు నేనే కొంప ముంచబోయాను. "ముందుగా కోతకొచ్చేది జొన్ననా, సజ్జనా?" అని అడిగాను. రెండు వరుసల్లోనూ ఎడమచేతులే లేచాయి. నా నోటుబుక్కులో జొన్న అని ఉంది. చేన్లు చూసి ముసలివాళ్లైన ఇరవై మంది ఒక్కమాట మీద ఉన్నారంటే తప్పు నాదేనని ఆ క్షణమే తెలిసింది. చదివింది తలకిందులుగా రాసుకున్నాను. కానీ తప్పని ఒప్పుకోలేకపోయాను. "జొన్న," అని మెల్లగా గొణిగి ఊరుకున్నాను.

"ఏంది?" అంది అవ్వ. ఆమె మెడ నరాలు బిగుసుకున్నాయి. "రైతు ఇంట్ల పుట్టి, నా మన్మరాలు గిట్ల చెప్తదా?" తల ఇసుక సంచుల మధ్య నుంచి పైకి లేస్తోంది. యాదమ్మ ఎగిరి వచ్చి అవ్వ నుదుటి మీద అరచెయ్యి పెట్టి, నా వైపు చూసి అరిచింది: "తప్పని చెప్పు! నాకు కాదు, ఆమెకు ఇనవడాలె! గట్టిగ చెప్పు!"

"సజ్జే! తప్పు నాదే, అవ్వా! సజ్జే ముందు!"

అంత పెద్ద గొంతు నాలో ఉందని నాకే తెలియదు. వరండాలో వంట చేసేవాళ్లు కూడా తొంగిచూశారు. అవ్వ తల మెల్లగా గడ్డి మీదికి దిగింది. "గట్ల చెప్పు," అంది. డాక్టరు వచ్చి పట్టీకి తడి లేదు, కుట్లు తెగలేదు అని చెప్పి వెళ్లేదాకా నేను అవ్వ తల దగ్గరి నుంచి కదల్లేదు. యాదమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. సాయంత్రం ఎప్పటిలాగే వచ్చి, "ఇయ్యాల ఏం అడుగుతున్నవ్?" అంది.

ఏడో రోజు పట్టీలు విప్పారు. డాక్టరు అవ్వ కంటి ముందు దళసరి అద్దం పెట్టి, వేళ్లు చూపించాడు. "ఇవి రెండా, మూడా?" అవ్వ ఎడమ చెయ్యి లేపింది. డాక్టరుకు ఏమీ అర్థం కాలేదు. యాదమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "నోటితో చెప్పమ్మా," అన్నాడాయన. "మూడు. గోర్లు తీసుకో డాక్టరు సాబ్, మస్తు పెరిగినయి," అంది అవ్వ. ఆ గదిలో వారం రోజులుగా ఆపుకున్న నవ్వంతా ఒక్కసారి బయటపడింది. మల్లయ్య తాత అద్దం లాక్కుని నన్ను వెతికి పట్టుకున్నాడు. "జొన్న పిల్లవు నువ్వేనా? గంత గొంతుకు గింత మనిషా!" ఒక్కొక్కరికి ఆపరేషనైన ఒక్కో కన్ను, మొత్తం ఇరవై కళ్లు నా మీద పడ్డాయి. అయినా తలుపు చాటుకు పోలేదు.

ఇప్పుడు నా తరగతిలో నలభై మంది పిల్లలు. నల్లబల్ల మీద లెక్క తప్పితే, వెనక బల్ల దాకా వినబడేలా "తప్పు నాదే" అంటాను. కొత్తలో పిల్లలు నవ్వేవారు. ఇప్పుడు వాళ్లూ అలాగే అంటున్నారు. యాదమ్మను మళ్లీ చూడలేదు. మేము బయల్దేరే పూటకు పక్క గదిలో కొత్తవాళ్లను పడుకోబెట్టారు. చుట్టూ వాళ్ల కొడుకులు, కోడళ్లు, ఊళ్లవాళ్లు కిక్కిరిసి నిలబడ్డారు. మూట చంకన పెట్టుకుని గుమ్మం దగ్గర యాదమ్మకు దండం పెట్టాను. ఆమె నా మూట లాక్కుని కింద పెట్టింది.

"వీళ్లందరికి కండ్లు కనవడ్తయి గద అత్తా," అన్నాను.

"కనవడనియ్యి. బస్సుకింక గంట ఉంది. రెండు అడిగి పో."