సిరా పూసిన ఆకు

మా స్కూల్లో సైన్సు అల్మారాలో ప్లాస్టిక్ కాగితాల మధ్య అంటించి మూసేసిన ఒక ఆకు ఉండేది. చుట్టూ నీలం, మధ్యలో గోధుమరంగు పట్టీ. ఏటా తల్లిదండ్రుల్ని పిలిచే రోజున దాన్ని బయటికి తీసి, దుమ్ము తుడిచి బల్లమీద పెట్టేవారు. ఓ పిల్ల పక్కన నిలబడి "వెలుతురు తగిలినచోట ఆకు పిండిపదార్థమును తయారుచేయును" అని చిలకలా అప్పజెప్పేది. నేను అక్కడ కొత్తగా చేరినప్పుడు దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూశాను. పిండిపదార్థం ఉన్నచోట అయొడిన్ వేస్తే వచ్చే నలుపునీలం కాదది. పెన్ను సిరా. ఎవరో కుంచెతో పూశారు, తొందరలో తొడిమ మీదికి కూడా కారింది.

బర్మాలో, ఒకప్పుడు రంగూన్ అన్న యాంగాన్‌లో, చౌక్తడా పేటలో ఓ పాత భవనం పై అంతస్తుల్లో ఉంటుంది మా స్కూలు. నేను అక్కడ వృక్షశాస్త్రం చెబుతాను. ఆ మెట్ల గోడలకు పాతికేళ్ల కిళ్లీ ఉమ్ములు పేరుకుని ఉంటాయి. మొదటి అంతస్తులో మురుగు గొట్టం ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. ముక్కు మూసుకుని ఎక్కడం నాకు అలవాటే. కానీ ఆ ఆకుకు మాత్రం ఇన్నేళ్లయినా అలవాటు పడలేకపోయాను.

ఎందుకింత మంట అంటే, ఆ ప్రయోగం నాకు ఇష్టమైన మనిషిది. ఒకప్పటి జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే బొమ్మలు గీసి బతికాడు. ఆయన కాలానికి వృక్షశాస్త్రమంటే చాలామందికి మొక్కను పీకడం, ఎండబెట్టడం, అట్టకు అంటించడం, లాటిన్ పేరు రాసిపెట్టడం. మిగతావాళ్లు చచ్చినవాటికి పేర్లు పెట్టి బీరువాలు నింపుకుంటుంటే, ఈయన అడిగింది వేరు. బతికున్న మొక్క ఏం తింటుంది? ఎలా తాగుతుంది? ఎండతో దానికేం పని? మట్టి లేకుండా, లవణాలు కలిపిన నీళ్లలో మొక్కను పెంచి చూపించాడు. ఆకుమీద కొంత భాగం మూసి ఎండలో ఉంచి, రంగు తీసేసి, అయొడిన్‌తో పరీక్షించాడు. ఎండ తగిలిన చోట నలుపు తిరిగింది, మూసినచోట తిరగలేదు. మొక్క తన తిండి తానే, వెలుతురులో వండుకుంటోందని కళ్ల ముందు పెట్టాడు. మొక్కల శరీరధర్మశాస్త్రం అని మనం ఇవాళ చెప్పుకునేది నిలదొక్కుకున్నదే అలాంటి ప్రయోగాలమీద. అలాంటి మనిషి పనిని తీసుకెళ్లి, చచ్చిన ఆకుకు సిరా పూసి, ప్లాస్టిక్‌లో పూడ్చారు వీళ్లు. పైగా పిల్లలచేత దానికి దండకం చదివిస్తున్నారు. ఒళ్లు మండదా మరి!

మొన్నటి శీతాకాలంలో, తల్లిదండ్రుల్ని పిలిచే రోజుకు ఆ ప్రయోగం మా స్కూల్లోనే చదివే నా తమ్ముడి కూతురి వంతుకు వచ్చింది. నా తమ్ముడికి పజుండౌంగ్ పేటలో పప్పుల కొట్టు ఉంది, దాని పై అంతస్తులోనే అందరం ఉంటాం. మా తాత తెలుగుదేశం నుంచి ఓడలో వచ్చి, ఇక్కడి అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మోసినవాడు. మా నాన్న కొట్టు పెట్టాడు. ఆ కొట్టంటే తమ్ముడికి ప్రాణం. కూతురు పదో తరగతికి రాగానే చదువు చాలని తేల్చేశాడు. అక్కనైన నేనూ ఆ పిల్లా నెత్తీ నోరూ కొట్టుకుంటే, చివరికి ఒక్క మెట్టు దిగాడు.

"ఓలప్పా, ఎందుకంత గోల పెడతావు? మీ బడికి నానొత్తాను. ఇది సదివిన సదువులో ఏటుందో నా కళ్లకి కనబడాల. కనబడితే సదువుకోమను. నేదంటే సెలవలియ్యగానే వచ్చి కొట్లో కూకోమను."

ఆ ఒక్క ఆకుమీద పిల్ల చదువంతా పెట్టేశాడన్నమాట. పిల్లకు వృక్షశాస్త్రమంటే పిచ్చి. ఆరోజు నుంచి దానికి అన్నం సహించలేదు.

"అత్తా, నాను ఆ ప్లాస్టిక్ ఆకు ఎట్టను. నిజంగా సేసి సూపిత్తాను," అంది.

"చెయ్యవే తల్లీ. నాకు కావలసిందీ అదే," అన్నాను.

మా పిట్టగోడమీది మందార కుండీని కొట్టు వెనక చీకటి గదిలో పెట్టింది, ఆకుల్లో ముందునుంచీ ఉన్న పిండి ఖర్చయిపోవాలని. మర్నాడు తీసి, ఒక ఆకు మధ్యలో నల్లకాగితం పట్టీ బిగించి డాబామీద ఎండలో ఉంచింది. సాయంత్రం ఆ ఆకును నీళ్లలో ఉడికించి, తరవాత వేడినీళ్ల గిన్నెలో పెట్టిన స్పిరిట్‌లో వేసింది. పచ్చరంగంతా స్పిరిట్‌లోకి దిగి ఆకు పాలిపోయింది. ఇదంతా గడపలో నిలబడి చూస్తున్నాడు తమ్ముడు.

"ఆకులు ఉడకబెట్టడానికి బడి దాకా ఎందుకే? మనింట్లో రోజూ ఉడకబెడతన్నాం గదా!" అని నవ్వాడు.

ఆకును తీసి, గుడ్డమీద తడి అద్ది, పళ్లెంలో పెట్టి అయొడిన్ చుక్కలు వేసింది. మూసినచోటా, మూయనిచోటా, మరకలు మరకలుగా అంతటా నల్లబడింది! పిల్ల ముఖం మాడిపోయింది. మళ్లీ మొదటినుంచి చేసింది. మళ్లీ అంతే. కాగితం సరిగా బిగించలేదేమోనని అట్టముక్కతో చేసింది. మళ్లీ అదే నలుపు.

"ఏటత్తా ఇది? సీకట్లో కూడా పిండి తయారైపోతందా?" అని ఏడుపు గొంతుతో అడిగింది.

నాకూ అంతుబట్టలేదు. స్కూల్లో మా హెడ్మిస్ట్రెస్‌తో చెప్పాను. ఆవిడను అందరూ సయామజీ అంటారు, పెద్ద టీచరమ్మ అని అర్థం. బర్మావాళ్ల మెత్తని మాట, చల్లని నవ్వు. ఆ నవ్వుతోనే నన్ను చాలాసార్లు ముంచింది.

"ఎందుకమ్మా పిల్లను అవస్థ పెడతావు? అల్మారాలో మంచి ఆకు ఉందిగా. ఏటా దానికే చప్పట్లు కొడుతున్నారు," అంది.

"అది సిరా అండీ, సయామజీ."

"అయితే ఏమైంది? పాఠం నిజమే కదా. ఆకు ఎలాంటిదైతే ఏం?"

పాఠం నిజమే కదా! ఇలాంటి మాట అన్నాక ఆ మనిషి అన్నం ఎలా తింటుందో నాకు అర్థం కాదు. ఇంకాసేపు ఉంటే ఏదో ఒకటి అనేస్తానని బయటికి వచ్చేశాను.

అసలు సంగతి వారం తిరిగాక బయటపడింది. పిల్ల విసుగ్గా సీసా మూత తిప్పుతుంటే చెయ్యి జారి, ఓ అయొడిన్ చుక్క తడి అద్దే గుడ్డమీద పడింది. పొడి గుడ్డ, ఆకు ఇంకా దాన్ని తాకలేదు. చుక్క పడినచోట నేరేడుపండు రంగు వచ్చేసింది. ఇద్దరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

"ఓలమ్మో! గంజి!" అంది పిల్ల.

గంజే. మా ఇంట్లో గంజి పెట్టని గుడ్డ గడప దాటదు. రేవులో కూలీల పిల్లలం, ఆఫీసుల మధ్య తిరిగేటప్పుడు గుడ్డ నలిగి ఉంటే లోకువైపోతామని మా నాయనమ్మ జేబురుమాళ్లకు కూడా గంజి పెట్టించేది. ఆ అలవాటు మా మరదలికీ పట్టింది. కూతురు బడిపనికి అడిగిందని, ఉన్నవాటిలో మంచి తెల్లగుడ్డను చిక్కటి గంజిలో ముంచి, ఆరేసి, ఇస్త్రీ చేసి ఇచ్చింది. తడి ఆకును దానిమీద అద్దినప్పుడల్లా బియ్యప్పిండి ఆకుకు అంటుకుంటోంది. ఆ జర్మన్ పెద్దాయనకు ఈ చిక్కు వచ్చి ఉండదు పాపం, ఆయనకు మా మరదలు లేదు. ఎన్నాళ్ల తరవాతో కడుపారా నవ్వాను. గుడ్డ లేకుండా మళ్లీ చేస్తే, మధ్యలో గోధుమరంగు పట్టీ, చుట్టూ నలుపు, పుస్తకంలో చెప్పినట్టే వచ్చింది. పిల్ల ఆ పళ్లేన్ని పట్టుకుని ఇల్లంతా తిరిగింది.

తల్లిదండ్రుల్ని పిలిచే రోజు రానే వచ్చింది. కరెంటు పోయింది, జనరేటర్ మోతలో హాలంతా డీజిల్ కంపు. తమ్ముడు శుభ్రంగా తయారై ముందు వరసలో కూర్చున్నాడు. పిల్ల డాబామీద ఎండలో పెట్టిన మందార ఆకును తెచ్చి, స్పిరిట్ గిన్నెను వేడినీళ్లలో దించింది. రంగు దిగడానికి సమయం పడుతుంది. దాన్ని తొందరపెట్టడం ఎవరివల్లా కాదు. కానీ సయామజీకి ఓపిక లేదు, జనం ఫోన్లు చూసుకుంటున్నారు. ఆవిడ అల్మారా దగ్గరకు వెళ్లడం చూశాను. లేచేలోగానే సిరా ఆకును ఎత్తి పట్టుకుని, "ఇదీ మా పదో తరగతి అమ్మాయి చేసిన ప్రయోగం!" అని ప్రకటించింది. చప్పట్లు మోగాయి.

నా తమ్ముడు లేచి వెళ్లి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ముఖం వెలిగిపోయింది.

"మా అమ్మాయే చేసిందా?" అని బర్మీస్‌లో అడిగాడు.

"మీ అమ్మాయే," అంది ఆవిడ, కన్ను ఆర్పకుండా.

"ఓలప్పా, సూడు! అచ్చం అచ్చేసినట్టుంది. సదవనీ, దీన్ని సదవనీ!" అని అక్కడినుంచే నాకు కేకేశాడు.

నాకు ఎక్కడలేని రోత పుట్టింది. వారంపైగా వేళ్లు కాల్చుకుని పిల్ల చేసిన పని ఏమూలనో ఉడుకుతోంది. దాని చదువు మాత్రం సిరా బొమ్మకు దక్కింది. అయినా దక్కిందిగా, నోరు మూసుకో అని నా మనసే నాకు చెప్పింది.

పిల్ల మూసుకోలేదు. అప్పుడే అయొడిన్ తగిలి దాని ఆకుకు రంగు తిరిగింది. ముడతలు పడి, అంచు చిరిగి, చూడ్డానికి ఏమీ బాగాలేదు. ఆ పళ్లెం పట్టుకుని తండ్రి ముందుకు వచ్చింది. అందరికీ తెలియాలని బర్మీస్‌లోనే చెప్పింది.

"నాన్నా, అది నేను చేసింది కాదు. అది పెన్ను సిరా. నేను చేసింది ఇది."

"పిల్ల కంగారుపడుతోంది," అంటూ సయామజీ నవ్వబోయింది. తమ్ముడు ఒక చేతిలో ఆ ఆకు, ఇంకో చేతిలో పళ్లెం పట్టుకుని మార్చి మార్చి చూశాడు.

"ఇది వాడిపోయినాదే," అన్నాడు తెలుగులో.

"వాడిపోలేదు నాన్నా. నిజంది ఇలాగే ఉంటాది."

తమ్ముడు రెండూ బల్లమీద పెట్టేసి బయటికి నడిచాడు. మెట్లమీద సయామజీ నన్ను ఆపింది. "ఇదేనా మీరు నేర్పింది?" అంది. ఈసారి నవ్వు లేదు.

"ఇదేనండీ. నేను నేర్పింది ఇదే," అన్నాను. నా గొంతు ఎంత గట్టిగా వచ్చిందో నాకే తెలియలేదు.

పజుండౌంగ్ బస్సులో ముగ్గురం ఒకే సీట్లో ఇరుక్కున్నాం. చెమట కంపు, ఎవరిదో చేపల బుట్ట. తమ్ముడు కిటికీలోంచి రోడ్డుమీది కొట్లు చూస్తున్నాడు. పిల్లే ఆఖరికి, తల దించుకుని, "కొట్లో కూకోమంటే కూకుంటాను నాన్నా," అంది.

వాడు దాన్ని ఎగాదిగా చూశాడు. తరవాత నావైపు తిరిగాడు.

"అప్పా, దీన్ని కొట్లో కూకోబెడితే ఏటవుతాదో తెలుసా నీకు? కందిపప్పు పాతదని, సెనగల్లో పురుగుందని, కొనీవోడు అడక్కముందే ఇది సెప్పేత్తాది. అంత పెద్ద టీచరమ్మనే నలుగుర్లో నిలబెట్టేసినాది, నాను దీనికో లెక్కా? నెల తిరక్కుండా కొట్టు మూసుకోవాల. ఇది ఏపారానికి పనికిరాదు. సదువుకోనీ."

నిజం చెబుతుంది కాబట్టి పిల్ల దేనికీ పనికిరాదని తేల్చి, అందుకని చదువుకు వదిలేశాడు నా తమ్ముడు. ఛీ, ఏం మనుషులురా అనుకున్నాను. అనుకుంటూనే, వాడు మనసు మార్చుకునేలోగా, "సరే, అలాగే కానీ," అన్నాను.